నూలు మిశ్రమ వస్త్రాల సుంక వర్గీకరణ

పత్తితో పాలియెస్టర్, విస్కోస్ వంటి పీచులు కలిపి నేసిన బట్టను కస్టమ్స్ సుంకాల పట్టికలో ఏ శీర్షిక కింద చేర్చాలో తేల్చే నియమాల సముదాయం ఇది. సుంకం రేటు, కోటా ఆ శీర్షికను బట్టే ఉంటాయి కనుక బట్టలో ఏ పీచు ఎంత ఉందన్నది నేసేవారికీ, వ్యాపారికీ, ఖజానాకూ ముఖ్యమైన లెక్క.

తొలి దశ

బ్రిటిష్ ఇండియాలో 1894 డిసెంబరులో దిగుమతి నూలు సరుకుపై 5 శాతం సుంకం వేశారు. లాంకషైర్ మిల్లుల ఒత్తిడితో 1896లో బట్టలపై దాన్ని 3.5 శాతానికి తగ్గించి, దేశీయ మిల్లు బట్టపై అంతే ఎక్సైజు విధించారు. 1926లో రద్దయ్యేదాకా ఆ అన్యాయం మీద జాతీయవాదులు పోరాడారు. బట్ట ఎక్కడ నేశారన్నదే నాటి వివాదం. దేనితో నేశారన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది పాలియెస్టర్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ రూపొందించిన ఈ పీచు పత్తితో కలిసి టెరికాటన్‌గా మన బట్టల కొట్లకూ చేరింది.

విలువా, బరువా?

అమెరికా పాత పట్టిక ఏ పీచు విలువ ఎక్కువైతే బట్టను దాని కింద చేర్చేది. ధరలు మారితే అదే బట్ట శీర్షిక కూడా మారే ప్రమాదం ఉండేది. 1974 నాటి బహుళ పీచుల ఒప్పందం పత్తి, ఉన్ని, కృత్రిమ పీచుల సరుకుకే కోటాలు పెట్టింది. దాంతో 1980లలో రామీ అనే నార సగానికి మించి, మిగతాది పత్తి ఉన్న స్వెట్టర్లు కోటాకు చిక్కకుండా అమెరికాకు వెల్లువెత్తాయి. 1986లో ఒప్పందాన్ని రామీ, లినెన్, పట్టు మిశ్రమాలకూ విస్తరించారు. 1989లో అమెరికా బరువు సూత్రానికి మారింది.

హార్మోనైజ్డ్ సిస్టమ్

సరుకుల వర్గీకరణపై 1983లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఈ అంతర్జాతీయ ఒడంబడిక 1988 జనవరి 1న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం బరువులో మిగతా ప్రతి పీచునూ మించినదే బట్ట జాతిని నిర్ణయిస్తుంది. ఏదీ మించకపోతే, వర్తించే శీర్షికల్లో చివరి సంఖ్య ఉన్నదాన్ని తీసుకోవాలి. చదరపు మీటరుకు 110 గ్రాములు తూగే బట్టలో పత్తి 85 శాతం లేదా అంతకు మించితే 5208, పత్తి 60, పాలియెస్టర్ పొట్టి పీచు 40 శాతమైతే 5210, పాలియెస్టర్ 65 శాతమైతే 5513 వర్తిస్తాయి. సగం సగమైనా 5513లోకే వెళ్తుంది.

పత్తి 40, రెండు రకాల కృత్రిమ పీచులు చెరి 30 శాతం ఉంటే, పత్తి పెద్ద వాటాగా కనిపించినా లెక్క తప్పుతుంది. కృత్రిమ పీచులకు చెందిన 54, 55 అధ్యాయాలను ఒకే అధ్యాయంగా లెక్కిస్తారు కనుక కృత్రిమ పీచులది 60 శాతమవుతుంది.

పరీక్ష

ప్రయోగశాలలో 75 శాతం గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పత్తి కరిగిపోతుంది, పాలియెస్టర్ మిగులుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, తూచి శాతాన్ని రాబడతారు. 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రటి ముక్క కోసి తూస్తే చదరపు మీటరు బరువు తెలుస్తుంది.

భారతదేశంలో

1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం, హార్మోనైజ్డ్ సిస్టమ్‌కు ముందున్న వర్గీకరణ అయిన బ్రస్సెల్స్ నామావళిని అనుసరించింది. ఒడంబడిక అమలుకు ముందే హార్మోనైజ్డ్ సిస్టమ్ ఇక్కడ 1986 ఫిబ్రవరి 28 నుంచి, ఎనిమిదంకెల సంఖ్యలు 2003 నుంచి అమలయ్యాయి. 2017లో వచ్చిన జీఎస్టీ కూడా ఈ పునాది మీదే నిలబడింది. అందువల్ల ఓడరేవులోని పరిశీలకుడు చూసే అంకెలే టోకు వ్యాపారి బిల్లు మీదా కనిపిస్తాయి. బట్ట అంచున రాసే పీచుల శాతాలు నిజమైతేనే ఈ వ్యవస్థ అందరికీ న్యాయం చేస్తుంది.