పప్పు చక్కెర యగునా?



మా పెద్దన్నగారికి మధుమేహము సోకి పదునైదేండ్లయినది. మొదటి యేడాదిలోనే ఎవరో వారితో "పప్పును, గ్రుడ్డును సయితము ఒంటిలో చక్కెరగనే మారును" అని చెప్పిరి. నాటినుండి వారు ముద్దపప్పు మానిరి, గ్రుడ్డు మానిరి. చారన్నముతోను, మజ్జిగయన్నముతోను ఆరు మాసములు గడపిరి. చక్కెర తగ్గలేదు, ఒంటి కండ మాత్రము తగ్గెను. "తమ్ముడూ, పప్పు నిజముగా చక్కెర యగునా? తెలిసికొని చెప్పుము" అని నన్నడిగిరి. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకబోగా నాకు రెండువందల యేండ్ల చరిత్ర దొరకినది. దానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఈ వ్యాధిని మన ప్రాచీన వైద్యులెరుగుదురు; మధుమేహమను పేరే అందుకు సాక్ష్యము. అయితే ఏ యాహారము రోగిని ఏమి చేయునను పరీక్ష ఐరోపాలో 18వ శతాబ్దము చివర మొదలయ్యెను. ఇంగ్లండులో జాన్ రోలో అను సైనిక వైద్యుడు, మెరెడిత్ అను స్థూలకాయుడైన కాప్టెనుకు కూరగాయలను, ధాన్యములను మిక్కిలి తగ్గించి, మాంసమే ముఖ్యముగా పెట్టెను. మూత్రములోని తీపి తగ్గెను. 1797లో రోలో ఈ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను. అట్టి భోజనమును చిరకాలము సహింపగల రోగులు అరుదే గాని, "మాంసమున చక్కెర లేదు" అను నమ్మకము మాత్రము వైద్యులలో నాటుకొనెను.

ఆ నమ్మకమును కదలించినవాడు ఫ్రాన్సు దేశీయుడు క్లోద్ బెర్నార్. మాంసము మాత్రమే తినిన కుక్క కాలేయమునుండి వచ్చు రక్తములోను చక్కెర యున్నదని ఆయన 1848లో కనుగొనెను. తినని చక్కెర ఎచ్చటినుండి వచ్చినది? కాలేయమే దానిని తయారుచేయుచున్నదని తేలెను. పిమ్మట 1889లో జర్మనులు మింకోవ్‌స్కీ, మేరింగులు కుక్క క్లోమమును తీసివేయగా దానికి మధుమేహము కలిగెను. అట్టి కుక్కకు వట్టి మాంసము పెట్టినను మూత్రమున చక్కెర పోవుచుండెను.

ఇక లెక్కలు మొదలైనవి. మాంసములోను, పప్పులోను, పాలలోను ఉండి కండను పెంచు పదార్థములకు మాంసకృత్తులని పేరు. 100 గ్రాముల మాంసకృత్తులలో నత్రజని సుమారు 16 గ్రాములుండును. అమెరికా శాస్త్రజ్ఞుడు గ్రాహం లస్క్, మందుచేత మూత్రమున చక్కెర పోవునట్లు చేసిన కుక్కలలో, 1 పాలు నత్రజనికి 3.65 పాళ్లు చక్కెర వెలువడుచున్నదని కొలిచెను. హెచ్చించి చూడుడు: 100 గ్రాముల మాంసకృత్తులనుండి 58 గ్రాముల చక్కెర! వైద్యులు ఈ లెక్కనే పట్టుకొని, రోగి తిను మాంసకృత్తులలో సగముపైగా చక్కెరగా జమకట్టసాగిరి. మా అన్నగారిని భయపెట్టిన మాటకు మూలమిదియే.

లెక్క తప్పు కాదు. కాని ఆ కుక్కల స్థితి వేరు, మంచముదిగి తిరుగు రోగి స్థితి వేరు. 1936లో అమెరికాలో కాన్, న్యూబర్గ్ అను వైద్యులు ఆ లెక్క ప్రకారము సమానముగా చక్కెర నీయవలసిన మాంసమును, గ్లూకోజును మధుమేహరోగులకు వేర్వేరుగా ఇచ్చి రక్తమును పరీక్షించిరి. గ్లూకోజు తినగనే రక్తములో చక్కెర పెరిగెను. మాంసము తినగా చెప్పుకోదగినంతగా పెరుగలేదు. 2001లో ప్రకటితమైన మరియొక పరీక్షలో, పెద్దవయసున వచ్చు రకపు మధుమేహము గలవారు 50 గ్రాముల మాంసకృత్తులు తినిన పిమ్మట 8 గంటలలో రక్తమున అధికముగా చేరిన చక్కెర సుమారు 2 గ్రాములే.

కారణమేమనగా, మాంసకృత్తులు క్లోమమునుండి ఇన్సులినును వెలువరించును. చక్కెరను విడిపించు గ్లూకగానును గూడ వెలువరించును. ఈ రెండును త్రాసు తట్టలవలె తూగుచుండగా, రక్తములోని చక్కెర అంతగా కదలదు. ఇన్సులిన్ బొత్తిగా పుట్టని రోగులలో మాత్రము ఒక తట్ట ఖాళీయై, ఎక్కువగా తినినచో కొన్ని గంటల తరువాత చక్కెర మెల్లగా పెరుగవచ్చును.

పప్పును గూర్చి ఒక మాట. 100 గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములే. సగమునకు మించి పిండిపదార్థమే. కావున పప్పు మాంసమువలె కాదు. కాని బియ్యమంత వేగముగా చక్కెరను పెంచదు. మూత్రపిండములు చెడినవారు మాంసకృత్తులను వైద్యుడు చెప్పిన మేరకే తినవలెను. ఇన్సులిన్‌గాని మాత్రలుగాని వాడువారు వైద్యునికి చెప్పకుండ అన్నము తగ్గింపరాదు. చక్కెర మరీ పడిపోవు ప్రమాదము కలదు.

ఈ కథ విని మా అన్నగారు వైద్యుని సలహాతో అన్నము సగము చేసి, పప్పును, గ్రుడ్డును తిరిగి ఆరంభించిరి. వ్రేలి రక్తపుబొట్టుతో చక్కెర చూపు చిన్న యంత్రమును ఇంటనుంచుకొని, భోజనమైన రెండు గంటలకు తామే చూచుకొనసాగిరి. మొదటి వారము అంకెలు చూచి, "ఆరు నెలలు అన్నమును విడిచి పప్పును శిక్షించితిని గదరా" అని నవ్విరి. కాగితముపై లెక్క ఎంత గట్టిదైనను, తుదకు తీర్పు చెప్పవలసినది రోగి రక్తమే.