అమ్మ పుట్టింటి పేరు: న్యూయార్క్‌లో తొలి సిసిలీ ముఠాల బంధుత్వాల జాడ

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో న్యూయార్క్‌ను హడలెత్తించిన ఇగ్నాజియో లూపో గురించి పుస్తకాల్లో చాలాకాలం ఒక మాట చలామణీ అయింది. అతని అసలు ఇంటిపేరు సయెట్టా అని, తోడేలు అనే అర్థం వచ్చేలా ‘లూపో’ అని తగిలించుకున్నాడని. అతను పలెర్మోలో పుట్టాడు. తండ్రి రొక్కో లూపో, తల్లి ఒనోఫ్రియా సయెట్టా. అంటే లూపో నిజమైన ఇంటిపేరే. సయెట్టా అన్నది తల్లి పుట్టింటి పేరు. ఇటలీ కాగితాల్లో తల్లి పేరును పుట్టింటి పేరుతో సహా రాస్తారు. ఆ పద్ధతి తెలియకుండా చదివితే ఇలాంటి పొరపాటు సులువుగా జరుగుతుంది.

ఈ సవరణ చిన్నదే అయినా చూపించే దారి పెద్దది. వలస వచ్చిన తొలి సిసిలీ నేరగాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారంటే సాధారణంగా ఊరి పేరుతో జవాబు చెబుతారు. వీళ్లు కొర్లియోనె వాళ్లు, వాళ్లు కస్తెల్లమ్మారె వాళ్లు అంటారు. ఊరు ముఖ్యమే. కానీ ఊరు కలిసినంత మాత్రాన బంధం రుజువు కాదు. ఆ ఇళ్ల ఆడవాళ్ల పేర్ల వెంట వెళితే దొరికే ఆధారం అంతకన్నా గట్టిదని నా అభిప్రాయం.

న్యూయార్క్ మాఫియాకు తొలి పెద్దగా చెప్పే జుసెప్పె మొరెల్లో ఇంటినే చూద్దాం. అతను 1867లో కొర్లియోనెలో పుట్టాడు. 1872లో తండ్రి పోయాడు. మరుసటి ఏడు తల్లి ఆంజెలీనా పియాజ్జా బెర్నార్దో తెర్రనోవాను మారుమనువాడింది. విన్చెంజో, చీరో, నికొలో అనే కొడుకులు, మరికొందరు కూతుళ్లు ఈ రెండో కాపురంలో పుట్టారు. మొరెల్లో అమెరికా చేరిన కొద్దికాలానికే, 1893లో, తెర్రనోవా కుటుంబం కూడా ఓడెక్కింది. లూసియానా చెరకు తోటల్లో, టెక్సస్ పత్తి చేలల్లో కొన్నేళ్లు గడిపి అందరూ మళ్లీ న్యూయార్క్ చేరారు. 1903 చివర్లో తెర్రనోవా ఆడపిల్లల్లో ఒకరైన సాల్వత్రీచెను లూపో పెళ్లాడాడు.

పత్రికలు చదివేవారికి మొరెల్లో, తెర్రనోవా, లూపో అన్నవి మూడు వేర్వేరు వంశాలుగా కనిపిస్తాయి. నిజానికి ఆ ముగ్గురినీ కలిపేది ఆంజెలీనా పియాజ్జా ఇల్లు. 1916లో బ్రూక్లిన్‌లో నేపుల్స్ ముఠా చేతిలో చనిపోయిన వ్యక్తిని పత్రికలు నికొలస్ మొరెల్లో అని రాశాయి. అతను నికొలో తెర్రనోవా. పేరుపడ్డ అన్న ఇంటిపేరు తమ్ముడికీ అంటుకుంది. ఇంటిపేర్లు మాత్రమే చూసి వంశవృక్షం గీసేవారు ఇక్కడ రెండుసార్లు తప్పుతారు. ఒకే తల్లి బిడ్డలను పరాయివాళ్లనుకుంటారు. లేకపోతే తండ్రులు వేరన్న సంగతి గమనించకుండా పోతారు.

అదృష్టవశాత్తూ సిసిలీలో కాగితాలకు కరువు లేదు. బోర్బన్ రాజుల పాలనలోనే, 1820 నుంచి, జననాలు, పెళ్లిళ్లు, మరణాలు పౌర రిజిస్టర్లలో నమోదవుతున్నాయి. ఇటలీ ప్రభుత్వ అభిలేఖాగారాలు వాటిలో చాలావాటిని ‘అంతెనాతి’ పోర్టల్‌లో ఉచితంగా చూడనిస్తున్నాయి. పెళ్లయినా, విధవరాలైనా, రిజిస్టరులో స్త్రీకి పుట్టింటి పేరే ఉంటుంది. కాబట్టి తల్లుల వరుస పట్టుకుని రెండు మూడు తరాలు వెనక్కి వెళ్లవచ్చు.

అయితే అక్కడా ఒక చిక్కుంది. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆ ప్రాంతపు ఆచారం. తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది: నలుగురు అన్నదమ్ముల పెద్ద కొడుకులందరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఇంచుమించు ఒకే వయసు. అందువల్ల పేరు, ఊరు కలిస్తే చాలదు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ కలవాలి, పుట్టిన తేదీ కలవాలి. వీలైతే భార్య పేరు కూడా కలవాలి. ఇవి కలవనంతవరకు ‘ఇతనే’ అనకూడదు, ‘ఇతను కావచ్చు’ అనే రాయాలి.

ఓడ ప్రయాణికుల జాబితాలు ఇంకో ముఖ్యమైన ఆధారం. 1893 చట్టం తర్వాత అమెరికాలో ఎవరి దగ్గరికి వెళుతున్నారో ప్రతి ప్రయాణికుడినీ అడిగి రాసేవారు. 1907 చట్టం స్వదేశంలోని దగ్గరి బంధువు పేరు, చిరునామా కూడా చేర్చింది. పరిశోధకులు ఈ గడులను బంగారంలా చూస్తారు, చూడాల్సిందే. కానీ ఆ జవాబులు ఇచ్చినవారి పరిస్థితినీ గుర్తుంచుకోవాలి. ముందే పని కుదుర్చుకుని వచ్చే కూలీలను 1885 చట్టం నిషేధించింది. పని ఉందని చెబితే వెనక్కి పంపుతారన్న భయం ఉన్నవాడికి, మా బావ దగ్గరికి వెళుతున్నానని చెప్పడం క్షేమం. కాబట్టి జాబితాలో ‘బంధువు’ అని ఉంటే అది వెతకడానికి ఒక ఆనవాలు. పెళ్లి రిజిస్టరు దొరికాకే అది రుజువవుతుంది.

ఇక ఊరి సంగతి. ఒకే ఊరివాళ్లు ఒకే వీధి చేరడం సిసిలీ వలసలో మామూలు విషయం. నేరంతో ఏ సంబంధమూ లేని ఎన్నో కొర్లియోనె కుటుంబాలూ అలాగే తూర్పు హార్లెంకు చేరాయి. పెన్సిల్వేనియాలోని పిట్స్‌టన్ ఈ విషయంలో మంచి పాఠం. అక్కడి మాఫియా పెద్దల్లో పలువురు మోంతెదోరో అనే చిన్న ఊరి నుంచి వచ్చారు. శాంతో వోల్పె, ఆ తర్వాతి తరంలో రస్సెల్ బుఫలీనో అక్కడి వారే. ఇది కుట్రలా కనిపిస్తుంది. కానీ మోంతెదోరో గంధకపు గనుల ఊరు, పిట్స్‌టన్ బొగ్గు గనుల ఊరు. గని పని తెలిసిన మనిషి గని ఉన్నచోటికి వెళతాడు, తన వాళ్లను పిలుచుకుంటాడు. ముఠా ఆ దారిలో వచ్చింది తప్ప ఆ దారిని ముఠా వేయలేదు. ఈ తేడా గుర్తించకపోతే ఒక ఊరి జనాన్నంతటినీ అనుమానితులను చేసినట్టవుతుంది. అప్పటి పత్రికలు చేసిన అన్యాయం అదే, దాన్ని మనం కొనసాగించకూడదు.

ఊరి బంధాన్ని మొరెల్లో వాడుకున్నాడనడానికి మాత్రం కాగితం మీదే సాక్ష్యం ఉంది. 1902లో అతను ఇళ్లు కట్టి అమ్మే ఒక సహకార సంస్థను రిజిస్టరు చేయించాడు. దాని పేరులోనే ‘కొర్లియోనె వాసుల మధ్య’ అన్న మాట ఉంది. పలెర్మో ఓడల వ్యాపారి ఇగ్నాజియో ఫ్లోరియో పేరు దానికి తగిలించారు. వాటాలు కొన్నవారిలో కష్టపడి కూడబెట్టుకున్న మామూలు కూలీలూ ఉన్నారు. 1907 ఆర్థిక సంక్షోభం ఆ సంస్థను దెబ్బతీసింది. ఆ తర్వాత మొరెల్లో, లూపో దొంగనోట్ల అచ్చుకు దిగారు. 1910లో ఒకరికి 25 ఏళ్లు, మరొకరికి 30 ఏళ్లు శిక్ష పడింది. ఊరి మీద నమ్మకంతో సొమ్ము పెట్టినవారికి మిగిలింది నష్టమే.

ఒకే ఊరు పగను కూడా మోసుకొస్తుంది. 1921లో న్యూజెర్సీలో కమిల్లో కయొజ్జో శవం దొరికింది. చంపింది తానేనని బార్తొలో ఫొంతానా పోలీసుల ముందు ఒప్పుకున్నాడు. కస్తెల్లమ్మారె దెల్ గోల్ఫోలో జరిగిన మగద్దినో ఇంటి మనిషి ఒకరి హత్యకు ఇది ప్రతీకారమని అతని వాంగ్మూలం. చంపించింది స్తెఫానో మగద్దినో మనుషులన్నాడు. చంపినవాడు, చనిపోయినవాడు, చంపించారన్నవాళ్లు అందరిదీ ఒకే ఊరు. ఊర్లో మగద్దినో, బొనన్నో, బొన్‌వెంత్రె కుటుంబాలు ఒకవైపు, బుచ్చెల్లాతోలు మరోవైపు. ఆ వైరం సముద్రం దాటి డెట్రాయిట్ వరకూ వెళ్లింది. ఫొంతానా చెప్పిన ప్రతి మాటనూ నమ్మనక్కర్లేదు, ప్రాణభయంలో మాట్లాడిన మనిషి అతను. కానీ మగద్దినో, బొనన్నో, బొన్‌వెంత్రె ఇళ్ల మధ్య పెళ్లిళ్ల చుట్టరికం అతని మాట మీద ఆధారపడి లేదు. తర్వాత న్యూయార్క్‌లో ముఠా పెద్ద అయిన జోసెఫ్ బొనన్నో తల్లి పుట్టింటి పేరు బొన్‌వెంత్రె.

1930–31లో జరిగిన పోరును ‘కస్తెల్లమ్మారె యుద్ధం’ అంటారు. ఆ పేరు వినగానే ఊరికీ ఊరికీ మధ్య యుద్ధమనిపిస్తుంది. ఎవరు ఏ పక్షమో చూస్తే అలా కనిపించదు. కస్తెల్లమ్మారె పక్షానికి ఎదుటి పక్షపు నాయకుడు మసేరియా. అతను పుట్టింది మెన్ఫీలో. అతని సలహాదారు, అప్పటికి జైలు నుంచి బయటికొచ్చిన జుసెప్పె మొరెల్లో 1930 ఆగస్టులో హార్లెంలో హతుడయ్యాడు. అదే ఏడు ఫిబ్రవరిలో హతుడైన ముఠా పెద్ద గయెతానో రైనా కూడా కొర్లియోనెలో పుట్టినవాడే. ఆ హత్య వెనుక మసేరియా ఉన్నాడని నమ్మిన రైనా అనుచరుడు తొమ్మాసో గల్యానో రహస్యంగా కస్తెల్లమ్మారె పక్షం చేరాడు. గల్యానోదీ కొర్లియోనెనే. ఒకే ఊరివాళ్లు, ఒకే పేటవాళ్లు చెరోవైపు నిలబడ్డారు.

ఆ యుద్ధంలో గల్యానో మనుషుల్లో ఒకడైన జో వలాకి తల్లిదండ్రులు నేపుల్స్ ప్రాంతం వారు. 1932లో అతను రైనా కూతురిని పెళ్లాడాడు. సిసిలీ ఊళ్ల జాబితా ఎంత పెద్దది తయారుచేసినా ఈ సంబంధం అందులో దొరకదు. పెళ్లి రిజిస్టరులో, వధువు తండ్రి పేరు రాసే గడిలో దొరుకుతుంది.