ట్యూబులో ఒక్క గాలి బుడగ: మోడల్ విమానాల ఇంజన్లు ఎందుకు ఆగిపోతాయి? వందేళ్ల కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, మోడల్ విమానం ఇంజన్ నేల మీద బ్రహ్మాండంగా తిరుగుతుంది, గాల్లోకి లేవగానే టప్పున ఆగిపోతుంది, ఎందుకు?" అని. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఈ ప్రశ్న వయసు 100 ఏళ్ల పైమాటే. దీని వెనక మంచి చరిత్ర ఉంది. అది తెలిస్తే రిపేరు కూడా దానంతటదే అర్థమవుతుంది. అందుకని ఈరోజు కథలోంచే వెళ్దాం.

1903 ఆగస్టు 8. అమెరికాలో పొటోమాక్ నది మీద ఒక పెద్ద హౌస్‌బోటు. దాని పైకప్పు మీద నుంచి ఒక చిన్న విమానాన్ని వదిలారు. మనిషి లేడు, రిమోటూ లేదు. వదిలిన పెద్దాయన శామ్యూల్ లాంగ్లీ, స్మిత్సోనియన్ సంస్థ అధిపతి. మనిషిని ఎక్కించుకుని ఎగిరే విమానం కట్టాలని ఆయన పట్టుదల. దానికి ముందు నాలుగో వంతు సైజులో ఒక మోడల్ చేసి, దానికి పెట్రోలు ఇంజన్ పెట్టారు. రైట్ సోదరులు ఇంకా ఎగరలేదు, వాళ్ల రోజు రావడానికి మరో నాలుగు నెలలుంది. లాంగ్లీ మోడల్ మాత్రం ఎగిరింది! సుమారు 1000 అడుగులు వెళ్లి నీళ్లలో దిగిపోయింది.

అంతే ఎందుకు ఎగిరింది? రెక్కలు బాగున్నాయి, ఇంజనూ బాగుంది. విప్పి చూస్తే తేలిందేమిటంటే, ట్యాంకు నింపిన పనివాడు జాగ్రత్త ఎక్కువై అంచుల దాకా పోసేశాడు. పెట్రోలు పొంగి ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి పోయింది. ఇంజన్‌కి ఊపిరాడలేదు. అంటే పెట్రోలుతో ఎగిరిన మొట్టమొదటి మోడల్ విమానాన్నే ఫ్యూయల్ సమస్య దింపేసింది. మీ విమానం ఆగిపోతే మరీ దిగులు పడకండి, మీ ముందు లాంగ్లీ గారున్నారు.

తర్వాత ముప్పై ఏళ్ల పాటు మోడల్ విమానాలంటే ఎక్కువగా రబ్బరు బ్యాండుతో తిరిగేవే. దాన్ని మార్చింది ఫిలడెల్ఫియా కుర్రాడు బిల్ బ్రౌన్ చేసిన ఇంజన్. దాని పేరు బ్రౌన్ జూనియర్, సైజు 10 సీసీ. మీ బైక్ 150 సీసీ అనుకుంటే అందులో పదిహేనో వంతు. 1933 జాతీయ పోటీల్లో మాక్స్‌వెల్ బాసెట్ అనే కుర్రాడు ఈ ఇంజన్ పెట్టుకుని వచ్చి రబ్బరు విమానాలన్నిటినీ ఊడ్చిపారేశాడు. ఇది అన్యాయం అని గొడవయ్యి, ఇంజన్ విమానాలకి వేరే విభాగం పెట్టారు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ రోజుల్లో పోటీల్లో విమానం బరువును బట్టి ఇంత ఇంధనమే పోయాలి అని రూలు పెట్టారు, దాన్ని కొలిచి మరీ పోసేవాళ్లు. ఎందుకంటే రిమోట్ లేదు కదా. ట్యాంకు ఫుల్ చేస్తే విమానం ఏ ఊరెళ్లి పడుతుందో దేవుడికే తెలియాలి.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఫ్యూయల్ పంపు ఉండదు. మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగుతాం చూడండి, అలాగే ఇంజన్ తనే పీల్చుకోవాలి. స్ట్రాకి చిన్న చిల్లు పడితే ఏమవుతుంది? ఎంత పీల్చినా గాలే వస్తుంది. మోడల్ ఇంజన్ కష్టాల్లో సగం ఇదే. ట్యూబుకి సూది మొనంత చిల్లు ఉంటే ఇంధనం బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కంటికేమీ కనబడదు. ఇంజన్ మాత్రం ముందు కీచుమని వేగం పెంచి, వేడెక్కి, నీరసించి ఆగిపోతుంది. దీన్నే లీన్ అవడం అంటారు, అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ.

1947లో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్‌తో ఈ సమస్య ఇంకా ముదిరింది. అంతకుముందు స్పార్క్ ప్లగ్, కాయిల్, బ్యాటరీ అన్నీ విమానం మోయాల్సి వచ్చేది. గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన చిన్న తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒక్కసారి బ్యాటరీతో ఎర్రగా కాల్చితే చాలు, తర్వాత ఇంధనంలోని మిథనాల్ ఆ ప్లాటినంతో చర్య జరుపుతూ, మంట వేడికి తోడై, తీగని అలాగే కణకణలాడిస్తుంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టేయొచ్చు. నన్నడిగితే, మోడల్ విమానాల చరిత్రలో ఇంత చిన్న వస్తువు ఇంత పెద్ద మార్పు తేవడం ఇంకెక్కడా లేదు.

కానీ మిథనాల్‌కి దాహం ఎక్కువ. పెట్రోలుకి సుమారు పద్నాలుగున్నర వంతుల గాలి కావాలి, మిథనాల్‌కి ఆరున్నర వంతులు చాలు. అంటే అంతే గాలికి రెండింతల పైన ఇంధనం తాగుతుంది. కాబట్టి ట్యూబులో ప్రవాహం ఎక్కువ, తేడా వస్తే దెబ్బా ఎక్కువే. పైగా ఈ ఇంజన్లకి వేరే ఆయిల్ ట్యాంకు లేదు, ఆయిల్ ఇంధనంలోనే కలిసి వస్తుంది. గాలి బుడగ వచ్చిందంటే ఆ క్షణం ఇంధనమే కాదు, ఆయిలూ అందదు.

ఆ ఆయిల్ ఏంటో తెలుసా? ఆముదం! నిజంగా మన ఆముదమే. పాలమూరు, నల్గొండ వైపు చేలల్లో పండే ఆముదం గింజల నూనె. పెట్రోలులో అది సరిగ్గా కలవదు గానీ మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది. ఎంత వేడిలోనైనా లోహాన్ని వదలకుండా పట్టుకుంటుంది. ఇంజన్ లీన్ అయినా కాసేపు కాపాడుతుంది. అందుకే సింథటిక్ ఆయిళ్లు వచ్చిన తర్వాత కూడా కొంచెం ఆముదం కలపకపోతే మనసొప్పని పాత ఫ్లయర్లు ప్రపంచమంతా ఉన్నారు. చెడ్డ గుణం ఒకటే: కాలితే జిగురవుతుంది, ఆ జిగురు గట్టిపడి గోధుమరంగు వార్నిష్‌లా పట్టేస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1940ల్లోనే జిమ్ వాకర్ అనే ఆయన వల్ల కంట్రోల్ లైన్ విమానాలు పాపులర్ అయ్యాయి. రెండు తీగలు పట్టుకుని మధ్యలో మనం నిలబడితే, విమానం మన చుట్టూ గిరగిరా తిరుగుతుంది. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నవాళ్లకి ఏరోమోడలింగ్ అంటే తెలిసే ఉంటుంది. కలకత్తాలో అరోరా పేరుతో తయారైన చిన్న డీజిల్ ఇంజన్లని కూడా మన దేశంలో చాలామంది తిప్పారు. ఇలా గుండ్రంగా తిరిగేటప్పుడు ట్యాంకులోని ఇంధనమంతా బయటి గోడకి అతుక్కుంటుంది, బకెట్‌లో నీళ్లు పోసి గిరగిర తిప్పితే నీళ్లు అడుక్కి అతుక్కున్నట్టు. అందుకని ట్యాంకునే బయటివైపు కోసుగా, చీలిక ఆకారంలో చేసి, ట్యూబు మొనని ఆ మూలకి పెట్టారు. చివరి చుక్క దాకా అందుతుంది.

రేడియో కంట్రోల్ వచ్చాక విమానం తలకిందులు కావడం, నిలువుగా లేవడం మొదలైంది. ఇంధనం ఏ మూలకి పోతుందో చెప్పలేం. దీనికి దొరికిన ఉపాయం క్లంక్. ట్యాంకు లోపల మెత్తని ట్యూబు, దాని చివర చిన్న ఇత్తడి బరువు. ఇంధనం ఎటు జారితే బరువూ అటే జారుతుంది. కదిపితే లోపల టక్ మని కొట్టుకుంటుంది, ఆ చప్పుడే దాని పేరు. ఇంత సింపుల్ ఐడియా ఇన్ని దశాబ్దాలు నిలబడిందంటే దండం పెట్టాలి.

ఇక ఎగ్జాస్ట్. మొదట్లో సైలెన్సర్ అనేదే లేదు, సిలిండర్ పక్కన ఒక రంధ్రం, అంతే. చప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆర్ఎక్స్ 100కి సైలెన్సర్ పీకేసి చెవి దగ్గర పెట్టినట్టు. చుట్టుపక్కల జనం ఊరుకుంటారా? 1960ల నుంచి ఫిర్యాదులు పెరిగాయి, ఎగరేసే మైదానాలు పోవడం మొదలైంది. బ్రిటన్‌లో అయితే 1982లో ప్రభుత్వ నియమావళే వచ్చింది, 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్స్ దాటకూడదని. ఇలా ఇష్టం లేకపోయినా అందరూ సైలెన్సర్ బిగించుకున్నారు.

ఇక్కడే ఒక తెలివైన పని జరిగింది. సైలెన్సర్ లోపల పొగకి కొంచెం ఒత్తిడి ఉంటుంది కదా, దాన్ని వృథాగా ఎందుకు పోనివ్వాలి? సైలెన్సర్‌కి చిన్న నిపుల్ పెట్టి, అక్కణ్ణుంచి ట్యూబుతో ఆ ఒత్తిడిని ట్యాంకులోకి మళ్లించారు. ఇప్పుడు ఇంజన్ పీల్చుకోవడమే కాదు, వెనక నుంచి పొగ కూడా ఇంధనాన్ని నెడుతుంది. థ్రాటిల్ పెంచితే పొగ పెరుగుతుంది, నెట్టుడూ పెరుగుతుంది. పైసా ఖర్చు లేని పంపు!

కానీ దీంతో ఒక చిక్కు కూడా వచ్చింది. ఆ రోజు నుంచి పొగ గొట్టం కూడా ఫ్యూయల్ లైన్‌లో భాగమైపోయింది. సైలెన్సర్ బోల్టు వదులైనా, నిపుల్ ఊడినా, సన్నని పగులు వచ్చినా ట్యాంకులో ఒత్తిడి పడిపోతుంది, ఇంజన్ లీన్ అవుతుంది. మనమేమో కార్బురేటర్ సూదిని తిప్పుతూ కూర్చుంటాం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఆముదం జిగురు ఉంది చూడండి, అది ఆ నిపుల్ రంధ్రంలో గడ్డకట్టినా ఇదే గతి. పాత స్కూటర్ మెకానిక్‌లు మసి పట్టిన సైలెన్సర్‌ని కాల్చి శుభ్రం చేసేవాళ్లు, ఇంట్లో పెద్దల్ని అడగండి. ఇక్కడ అంత పని లేదు, సన్నని తీగతో పొడిస్తే చాలు.

కాబట్టి నా సలహా, సూది ముట్టుకోకముందు సైలెన్సర్ చూడండి. జాయింట్ దగ్గర నల్లని ఆయిల్ చారలు ఉన్నాయంటే పొగ అక్కణ్ణుంచి లీకవుతున్నట్టే. తర్వాత ట్యూబులు. ట్యాంకు ఖాళీ చేసి, బయటికి తీసి, ఒక్కటి తప్ప మిగతా ట్యూబులు మూసేసి, నీళ్లలో ముంచి, ఆ ఒక్కదాంట్లోంచి చిన్న బల్బు పంపుతో కొంచెం గాలి కొట్టండి. పంక్చర్ షాపువాడు టబ్బులో ట్యూబు ముంచినట్టే, చిల్లు ఎక్కడుందో బుడగలే చెప్తాయి. నోటితో మాత్రం ఊదకండి, పీల్చకండి. మిథనాల్ విషం, చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. దాని మంట పగటి వెలుగులో కనబడదు కూడా, కాబట్టి దగ్గర్లో నిప్పు వద్దు.

ట్యూబులో నురగ కనబడితే కారణం వేరు, అది అదురుడు. ట్యాంకు చుట్టూ స్పాంజి చుట్టండి. నేల మీద బాగుండి, ముక్కు పైకెత్తగానే ఆగిపోతే ట్యాంకు లోపలి క్లంక్ ట్యూబు చీలిందేమో చూడండి, బయట నుంచి అది కనబడదు. ఒక చిన్న పరీక్ష: ఫుల్ థ్రాటిల్‌లో ట్యూబుని వేళ్లతో క్షణకాలం నొక్కి వదలండి. వేగం కొంచెం పెరిగి మామూలైతే ఇంధనం సరిపడా వస్తోంది. నొక్కగానే చచ్చిపోతే అప్పటికే లీన్‌గా ఉంది. ప్రొపెల్లర్ వెనక నుంచి చెయ్యి పెట్టండి, ముందు నుంచి వద్దే వద్దు. ఇంకోటి, సిలికాన్ ట్యూబు మిథనాల్‌కే. పెట్రోలు ఇంజన్‌కి పెడితే ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది.

సరే, ఇదంతా సరిగ్గా చేస్తే ఎంత దూరం వెళ్లొచ్చు? దీనికి సమాధానం మేనార్డ్ హిల్. అమెరికాలో మోడల్ విమానాల రికార్డులెన్నో పెట్టిన ఇంజనీరు. 77 ఏళ్ల వయసులో, చూపు దాదాపు పోయి, వినికిడి బాగా తగ్గిన తర్వాత, అట్లాంటిక్ దాటే మోడల్ విమానం కట్టాడు. బాల్సా కర్ర, ప్లైవుడ్, ప్లాస్టిక్ పొర. నిబంధనల ప్రకారం ఇంధనంతో కలిపి 5 కిలోలు దాటకూడదు.

మిథనాల్ తాగుబోతుది కాబట్టి దాన్ని వదిలేశారు. 10 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కి ఇంకా చిన్న కార్బురేటర్ పెట్టి, లాంతర్లలో వాడే శుద్ధమైన పెట్రోలు పోశారు. అందులో ఆయిల్ ఎంతో తెలుసా? 0.6 శాతం! మామూలు గ్లో ఇంధనంలో 20 శాతం దాకా ఉంటుంది. ఆ ఆయిల్ కూడా పాలీబ్యూటీన్ రకం, మసి మిగల్చకుండా కాలిపోతుంది. రోజున్నర పైగా ఆగకుండా తిరగాల్సిన ఇంజన్‌లో మసి పేరుకోకూడదు కదా.

2002లో చేసిన ప్రయత్నాలు విఫలమయ్యాయి. 2003 ఆగస్టు 9 సాయంత్రం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో కేప్ స్పియర్ అనే చోట ఐదో విమానాన్ని గాల్లోకి వదిలారు. జీపీఎస్ ఆటోపైలట్ దారి చూసుకుంది. 38 గంటల 52 నిమిషాల తర్వాత ఐర్లాండ్‌లో క్లిఫ్డెన్ దగ్గర దిగింది. 3028 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి నేరుగా ఎగిరి వెళ్లి, తిరిగొచ్చి, ఇంకా మిగిలే దూరం. తీసుకెళ్లిన ఇంధనం రెండుంబావు కిలోలు. లెక్కేస్తే గంటకి 60 గ్రాములు కూడా కాదు, ఒక ఇరానీ చాయ్ కప్పులో పట్టేంత. 38 గంటలూ ఆ సన్నటి ట్యూబులో ధార తెగలేదు.

క్లిఫ్డెన్‌నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పి ఆపేస్తాను. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు మొదటిసారి ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి దిగింది అక్కడే, ఒక బురద నేలలో. వాళ్లూ న్యూఫౌండ్‌లాండ్ నుంచే బయల్దేరారు. దారిలో వాళ్ల కుడివైపు ఇంజన్‌కి ఎగ్జాస్ట్ గొట్టం పగిలి ఊడిపోయింది. ఆ మోతకి పక్కపక్కనే కూర్చున్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడలేదు. మిగతా దారంతా సైగలు, చీటీలతోనే.

వాళ్ల కథ పూర్తిగా కావాలంటే కింద కామెంట్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.