చెరువు పని ఎవరిది? చేప ఎవరిది?



పోయిన భాగంలో శిఖం భూముల గురించి రాసిన. అది చదివిన విద్యార్థి మిత్రులు కొందరు ఒకటే ప్రశ్న వేశారు. "అన్నా, చెరువు ఎండినంక భూమి ఎవరిదో చెప్పినవ్. నిండినంక అందులో చేప ఎవరిది?" ఈ భాగం ఆ ప్రశ్నకే. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

పెబ్బేరు పేరు చెప్తే బయటివాళ్లకు పశువుల సంత, నలభై నాలుగో నంబర్ హైవే గుర్తొస్తాయి. మన పిల్లలకైతే 2017లో వచ్చిన మత్స్య కళాశాల గుర్తొస్తది. చేపల మీద డిగ్రీ చదువు చెప్పే కాలేజీ ఈ ఊళ్లో పెట్టడంలో అర్థం ఉంది. ఇటు కృష్ణా నది, దాని మీద జూరాల. కిందికి పోతే శ్రీశైలం ముంపు జలాలు. నడుమ వనపర్తి సంస్థానం కాలపు పెద్ద చెరువులు. సప్త సముద్రాలు అని గొప్పగా చెప్పుకుంటారు. పెబ్బేరు మహాభూపాల్ చెరువు, శ్రీరంగాపూర్ రంగసముద్రం ఆ వరుసలోవే. రంగసముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో రిజర్వాయర్.

ఈ చెరువుల చరిత్ర ఎక్కడ చదివినా రాజు పేరుతో మొదలై గుడి పేరుతో ముగుస్తది. ఫలానా రాజు తవ్వించాడు, ఫలానా దేవుడికి అంకితమిచ్చాడు అని రాస్తారు. తవ్వినోళ్ల పేరు ఉండదు. మట్టి తవ్విన వడ్డెరలు, వెట్టికి పట్టుకొచ్చిన మాల మాదిగలు, గంపలు మోసిన ఆడోళ్లు ఏ శాసనంలోనూ కనపడరు. తర్వాతి కాలంలో ఇదే జిల్లా మనుషులు "పాలమూరు లేబర్" అనే పేరుతో మేస్త్రీల కింద దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు. ఆ పేరు వెనుక ఉన్నది ఈ పాత అలవాటే. మట్టి పని మనది, మట్టి మీద పేరు ఇంకొకరిది.

అయితే చెరువు కట్టడం ఒక్కసారి పని. దాన్ని నిలబెట్టడం ఏటేటా చేసే పని. ఆ పని చేసినవాడు నీరడి.

నీరడి అంటే ఎవరు?

ఈ తరం పిల్లలకు ఈ మాట ఇంటిపేరుగానే తెలుసు. చెరువు కింద ఆయకట్టుకు నీళ్లు పంచే గ్రామ సేవకుడు నీరడి. తూము తెరిచేది, మూసేది ఆయనే. నీళ్లు తక్కువున్న ఏడు తైబందీ చేస్తే, పెద్దలు చెప్పిన లెక్క ప్రకారం ఏ మడికి ఎన్ని గంటలు పారాలో చూసేది ఆయనే. వానాకాలం రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకొని తిరిగేది ఆయనే. బుంగ పడితే మొదట చూసేది, మొదట దిగేది ఆయనే. అది పట్టించుకోకపోతే తెల్లారేసరికి గండి అయితది. ఊరు మునుగుతది.

తెలంగాణలో చాలా ఊళ్లలో ఈ పని మాల మాదిగ కుటుంబాలది. కూలీ అని ఒకటి లేదు. కొంచెం ఇనాం భూమి, పంట మీద రైతులు కొలిచే గింజలు, అంతే. రైతు కొలిస్తే తిన్నట్టు, కొలవకపోతే పస్తు. పనికి మాత్రం రాత్రి పగలు లేదు. ఇంట్లో మగమనిషి జ్వరంతో పడుంటే కొడుకు పోవాలె, కొడుకు లేకపోతే భార్య పోవాలె.

ఒక సంగతి గమనించండి. ఊరికి నీళ్లు వదిలే చెయ్యి మనది. అదే నీళ్లను ఊరి రేవులో ముట్టుకుంటే మైల. పొలానికి పారే నీళ్లకు లేని అంటు కుండలో పోసుకునే నీళ్లకు ఎట్లా వచ్చింది? పనికి అవసరమైన చోట అంటరానితనం పక్కకు జరుగుతది, హక్కు అడిగిన చోట ముందుకొస్తది.

ఈ లెక్కను తిరగేసింది మహద్. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ చవ్‌దార్ చెరువును తెరుస్తున్నట్టు ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది కానీ ఒక్క దళితుడూ అందులో నీళ్లు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగాడు. తిరిగి పోతున్న మనోళ్ల మీద దాడులు జరిగాయి. కేసు పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మన పక్షాన తేలింది. ఆ పోరాటం గుర్తే రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపెట్టి మరీ రాశారు అందులో. ఒక దేశ రాజ్యాంగంలో చెరువు అనే మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి.

మహద్ మనందరికీ తెలుసు. దాని మరుసటి ఏడు జరిగింది చాలామందికి తెలియదు. 1928 మార్చిలో బాబాసాహెబ్ బొంబాయి మండలిలో మహర్ వతన్ బిల్లు పెట్టాడు. వతన్ అంటే మన నీరడి ఇనాం లాంటిదే. కొంచెం భూమి, కొంచెం గింజలు ఇచ్చి కుటుంబం మొత్తాన్ని తరాల పాటు ఊరి చాకిరీకి కట్టేసే పద్ధతి. ఆ భూమిని గౌరవం అనుకుంటే అది మన మెడకు పలుపు అయితదని, పనికి లెక్కగట్టిన జీతం ఇవ్వాలని ఆయన వాదన. ఆ బిల్లు అప్పట్లో నెగ్గలేదు. అక్కడ ఈ వతన్లు రద్దు కావడానికి 1958 దాకా పట్టింది.

మన దగ్గర 1949లో జాగీర్లు పోయినయ్, 1955లో ఇనాంల రద్దు చట్టం వచ్చింది, 1984లో పటేల్ పట్వారీలు పోయారు. నీరడి మాత్రం పేర్లు మారుతూ మిగిలాడు. గ్రామ సేవకుడు అన్నారు, గ్రామ రెవెన్యూ సహాయకుడు అన్నారు. 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసి వేరే శాఖల్లో సర్దినప్పుడు కొందరికి నీటిపారుదల శాఖలో లష్కర్ ఉద్యోగం వచ్చింది. తాత తూము దగ్గర నిలబడ్డాడు, మనవడు కూడా తూము దగ్గరే నిలబడ్డాడు. తేడా ఏమిటంటే మనవడికి నెల జీతం ఉంది. బాబాసాహెబ్ 1928లో అడిగింది అదే. దాన్ని చిన్న విషయం అనుకోకండి.

ఇప్పుడు చేప దగ్గరికి వద్దాం

పాతకాలంలో చెరువులో చేప దానంతటదే పుట్టేది. కొర్రమట్ట, జెల్ల, వాలుగ, మార్పు, పరకలు వరద నీళ్లతో వచ్చి చేరేవి. పెద్ద చెరువుల్లో చేపల హక్కును హర్రాజు వేసేవారు, నిజమే. కానీ కుంటల్లో, కాలువల్లో, నీళ్లు తగ్గిన మడుగుల్లో పేదోడు గాలమేసి నాలుగు పరకలు పట్టుకుంటే అడిగేవాడు తక్కువ. మన వాడల్లో ఎండాకాలం ఎండుచేపల పులుసు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? ఆ గాలం నుంచే.

1957 దీన్ని మార్చింది. బొచ్చె, రోహు, మృగాల లాంటి పెద్ద చేపలు పారే నదిలో గుడ్లు పెడతాయి కానీ నిలిచిన చెరువులో పెట్టవు. ఆ ఏడాది జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఇంజక్షన్‌తో కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. ఏటా ఆ రోజునే జాతీయ మత్స్య రైతు దినోత్సవం చేస్తారు. అప్పటి నుంచి చేపపిల్లను కేంద్రాల్లో పుట్టించి చెరువులో వదలడం మొదలైంది. దిగుబడి పెరిగింది. వేల కుటుంబాలకు బతుకుదెరువు దొరికింది. ఆ శాస్త్రానికి నేను చేతులెత్తి మొక్కుతా.

కానీ దానితో పాటు ఇంకోటి జరిగింది. వానకు వచ్చిన చేప ఎవరిదీ కాదు. లారీలో తెచ్చి వదిలిన చేప పెట్టుబడి. పెట్టుబడికి యజమాని ఉంటాడు. యజమాని ఉన్నాడంటే కావలి ఉంటది. కావలి ఉన్నప్పుడు నిన్నటిదాకా గాలమేసినవాడు ఇయ్యాల దొంగ. మన వాడలు తిన్న పరకలకు శాస్త్రం పుస్తకాల్లో పెట్టిన పేరు కలుపు చేపలు. పేదోడి కూర బడిలో కలుపు అయిపోయింది. మత్స్య కళాశాలలో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మాట దగ్గర ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

సొసైటీ ఎట్లా నడుస్తది?

చెరువును లీజుకు తీసుకునేది మత్స్య పారిశ్రామిక సహకార సంఘం. సభ్యులు ముదిరాజ్, గంగపుత్ర, తెనుగు వంటి మత్స్యకార కులాల వాళ్లు. సభ్యత్వం కావాలంటే ఈదడం, వల విసరడం, వల అల్లడం వచ్చా అని నైపుణ్య పరీక్ష పెడతారు. వాటాధనం కట్టాలి. సర్వసభ్య సమావేశం, ఎన్నికైన పాలకవర్గం, లీజు సొమ్ము, లెక్కల పుస్తకం ఉంటాయి. వానలు పడి నీళ్లొచ్చినంక పిల్లలను వదులుతారు, ఎండాకాలంలో పడతారు. నడుమ ఆరేడు నెలలు వంతులేసుకొని కావలి కాస్తారు. గుర్రపుడెక్క తీయాలి, అలుగు పారితే చేప కొట్టుకుపోకుండా జాలి కట్టాలి. రైతు నీళ్లన్నీ వదలమంటాడు, సంఘం కొన్ని ఉంచమంటది. ఆ పంచాయితీ ప్రతి ఏడూ ఉన్నదే.

2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా ఇస్తున్నది. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల ఇయ్యాలని లెక్క. ఇది బడిపిల్లల స్కేలుతో కొలిచి చూడగల లెక్క.

ఈ సంఘాలు ఊరికే రాలేదు. మత్స్యకార కులాలు కాంట్రాక్టర్ల హర్రాజు పాట నుంచి కొట్లాడి గుంజుకున్న హక్కు ఇది. వాళ్లు మన పోటీదారులు కాదు. వాళ్ల కడుపు కొట్టి మనకు పెట్టమని అడిగేవాడు ఎవడైనా ఉంటే అతను దళిత ఉద్యమంలో లేడు. చాలాచోట్ల అసలు లాభం తినేది మూడోవాడు. అప్పు ఇచ్చి, సంఘం పేరు ముందుపెట్టి, చేపనంతా ముందే ధర కట్టుకొని పోయే దళారి. శ్రీశైలం ముంపు జలాల్లో అలివి వలల గొడవ చూడండి. పిల్ల చేపను కూడా వదలని సన్న కన్నుల వల అది. నిషేధం ఉన్నా దిగుతది. స్థానిక మత్స్యకారులు దానికి వ్యతిరేకంగా ఎన్నిసార్లు రోడ్డెక్కారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

బయటి దేశాల సంగతి ఒకటి చెప్పి ముగింపుకొస్త. ఇంగ్లండులో గాలం క్లబ్బులు ఉంటాయి. ఊరి చెరువునో కాలువనో లీజుకు తీసుకుంటారు. సభ్యులే సెలవు రోజుల్లో కలిసి గట్టు బాగుచేస్తారు, చెట్లు కొడతారు, పూడిక తీస్తారు. కొన్ని చోట్ల సభ్యుడు కానివాడు కూడా ఆ రోజుకు టికెట్ కొని గాలం వేసుకోవచ్చు. వాళ్లకది సరదా, మనకది కూడు, కాబట్టి రెండూ ఒకటి కావు. అక్కడా నదులు దొరల చేతిలో ఉన్న చరిత్ర ఉంది. కానీ ఒక్క సూత్రం తీసుకోదగ్గది. చెరువును చూసుకున్న చెయ్యికి చెరువులో వాటా ఉంటది. మన దగ్గర కులం ఆ రెంటినీ విడదీసింది. కట్ట కాసినవాడు ఒకడు, చేప పొందేవాడు ఇంకొకడు.

మన తెలుగు నేలలోనూ ఒక ప్రయత్నం జరిగింది. 1976లో కొల్లేరులో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చినప్పుడు మత్స్యకారులతో పాటు దళితుల సంఘాలకూ చోటిచ్చారు. తర్వాత పెట్టుబడిదారులు లీజుల పేరుతో దూరారు. అభయారణ్యం ప్రకటన తర్వాత 2005-06లో కొల్లేరు ఆపరేషన్‌లో గట్లు తెగినయ్. పెద్దోడు వేరే చోట చెరువు తవ్వుకున్నాడు, సంఘం సభ్యుడు కూలికి పోయాడు. దీని నుంచి నేను నేర్చుకున్నది ఇది. కాగితం మీద పేరుంటే చాలదు. లీజు, అప్పు, అమ్మకం మూడూ మన చేతిలో ఉండాలి.

మరి ఏం అడుగుదాం?

ఒకటి. ఇంటి కూర కోసం గాలంతో పట్టే చేప దొంగతనం కాదని గ్రామసభలో తీర్మానం కావాలి. సంఘంతో కూర్చొని మాట్లాడి, పిల్లలు వదిలిన కొత్తలో కొన్ని నెలలు ఆపుదాం, రోజుకింత అని హద్దు పెట్టుకుందాం. కొట్లాట అవసరం లేని పని ఇది.

రెండు. పంచాయతీ చేతిలో ఉండే చిన్న కుంటల్లో కొన్ని దళిత మహిళా సంఘాలకు ఇయ్యాలి. ఈత, వల నేర్పడానికి పక్కనే కాలేజీ ఉంది.

మూడు. పిల్లలు వదిలే రోజు చెరువు కట్ట మీదికి పోండి. సంఘం సభ్యుల పక్కన నిలబడి లెక్కబెట్టండి, స్కేలుతో కొలవండి, ఫొటో తీయండి. తక్కువ వస్తే మోసపోయేది మన మత్స్యకార సోదరులే. వాళ్ల కోసం మనం ముందు నిలబడితే రేపు మన కోసం వాళ్లు నిలబడతారు.

నాలుగు. మీ ఊళ్లో నీరడి పని చేసిన ముసలోళ్లు ఇంకా బతికి ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ తూము ఎప్పుడు తెరిచేవారు, ఏ ఏడు గండి పడింది, గింజలు ఎవరు కొలిచారు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఫోనులో రికార్డు చేయండి. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. మన చరిత్రకు ఉన్నది ఆ గొంతులే. అవి కూడా పోతే ఇంకో వందేళ్లకు కూడా చెరువు పక్కన రాజు పేరే ఉంటది.

వచ్చే భాగంలో భీమా రిజర్వాయర్ల కింద మునిగిన ఊళ్లు, అందులో దళిత వాడలకు దక్కిన పరిహారం గురించి రాస్తా. మీ ఊరి చెరువు సంగతులు కామెంట్లలో రాయండి.

జై భీమ్.