మూడింట్లో ఒకటి హుజూరాబాద్‌ది

2022 జూలై 18న హైదరాబాద్ అసెంబ్లీలో ఎమ్మెల్యేలు రాష్ట్రపతి ఎన్నికకు ఓటేస్తుంటే, మా పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల దిక్కు జనం ఇండ్లల్లోంచి బురద ఎత్తిపోస్తున్నారు. అంతకు నాలుగైదు రోజుల ముందే గోదావరి ఊళ్ల మీద పడింది. కడెం ప్రాజెక్టుకు 18 గేట్లుంటే 17 లేచాయి, ఒకటి మొరాయించింది. కట్ట నిలుస్తుందో లేదోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మంథని వాడల్లోకి, మంచిర్యాలలో రాళ్లవాగు పక్క కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. ఆ వారం మా దగ్గర బీజేపీ నిలబెట్టిన ద్రౌపది ముర్ము, ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాల పేర్లు ఎవరి నోటా పెద్దగా నలగలేదు.

అయినా ఆ ఓటు ముచ్చట ఊరి చరిత్రలో రాసి పెట్టుకోవాల్సిందే. తెలంగాణ లెక్క చూస్తే సిన్హాకు 113, ముర్ముకు 3, చెల్లనిది ఒకటి. అప్పటికి ఈ రాష్ట్రంలో బీజేపీకి ఉన్న ఎమ్మెల్యేలు సరిగ్గా ముగ్గురు: గోషామహల్, దుబ్బాక, హుజూరాబాద్. ఓటు రహస్యమే, పార్టీలు విప్ ఇవ్వడానికి కూడా లేదు. కానీ లెక్క అంత కచ్చితంగా కలిసినప్పుడు గీత దాటినవాళ్లు లేరనే అనుకోవాలి. పక్క రాష్ట్రంలో తీరు పూర్తిగా వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ, టీడీపీ రెండూ ముర్ము వైపే నిలవడంతో అక్కడ సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. ఎమ్మెల్యేల ఓట్లలో సిన్హాకు ఎక్కువ వాటా దక్కిన రాష్ట్రాల్లో కేరళ తర్వాత స్థానం తెలంగాణదే.

ఆ మూడింట్లో ఒకటి మా పాత కరీంనగర్ జిల్లాది కావడం వెనక పెద్ద కథే ఉంది. 2021లో హుజూరాబాద్ ఎమ్మెల్యే ఈటల రాజేందర్ మంత్రి పదవి పోయి, టీఆర్‌ఎస్‌ను వదిలి, ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేశారు. ఉప ఎన్నిక వస్తుందనగానే దళితబంధు పథకం లాంఛనంగా మొదలైంది, అదీ హుజూరాబాద్ నియోజకవర్గంలోని శాలపల్లిలోనే. అక్టోబర్ 30న పోలింగ్. ఈటల 23,855 ఓట్ల మెజారిటీతో బీజేపీ టికెట్ మీద గెలిచారు. ఆ ఎన్నిక జరగకపోయి ఉంటే తొమ్మిది నెలల తర్వాత ముర్ముకు తెలంగాణ ఎమ్మెల్యేల నుంచి దక్కేవి రెండే ఓట్లు. జమ్మికుంట, కమలాపూర్ జనం ఓటేసేటప్పుడు రాష్ట్రపతి భవన్ ఎవరి మనసులోనూ ఉండి ఉండదు!

ఇక పడని ఓట్లు. రాష్ట్రంలో 119 మందికి 117 మందే వేశారు. వేయని ఇద్దరూ మా జిల్లావాళ్లే. కరీంనగర్ ఎమ్మెల్యే, అప్పటి మంత్రి గంగుల కమలాకర్‌కు కొవిడ్ వచ్చింది. వేములవాడ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ విదేశంలో ఉన్నారు. జిల్లా కేంద్రం ఓటూ, రాజన్న కొలువైన వేములవాడ ఓటూ లెక్కలోకే రాలేదన్నమాట. సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ మాత్రం సిన్హా నామినేషన్ వేసిన రోజునే ఢిల్లీలో ఆయన పక్కన నిలబడి వచ్చారు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుతూ ఈ లెక్కలు చెబుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎమ్మెల్యే ఓటు ఒక్కటే కదా, మరి 132 అంటరేంది?" న్యాయమైన ప్రశ్నే. రాష్ట్ర జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, దాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కొక్కరి ఓటు విలువ వస్తుంది. అయితే ఆ జనాభా ఇప్పటిది కాదు, 1971 జనగణనది. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోవద్దని రాజ్యాంగ సవరణతో అక్కడే ఆపేశారు. 1971లో తెలంగాణ ప్రాంతపు జనాభా 1,57,02,122. దాన్ని 119తో, వెయ్యితో భాగిస్తే 132. ఉమ్మడి రాష్ట్రంలో ఇదే విలువ 148. అంటే రామగుండం ఎమ్మెల్యే ఓటులో ఎన్టీపీసీ లేదు, దాని పునాదిరాయి పడిందే 1978లో. ఆ తర్వాత బొగ్గుబాయిల మీదికీ, కరెంటు ఫ్యాక్టరీకీ బతకడానికి వచ్చినవాళ్లెవరూ ఆ అంకెలో లేరు. ఆ 1971లోనే కరీంనగర్, పెద్దపల్లి రెండూ తెలంగాణ ప్రజా సమితి ఎంపీలను ఢిల్లీకి పంపాయి. ఆదిలాబాద్ కాంగ్రెస్‌తోనే ఉంది. మా రెండు జిల్లాలు పక్కపక్కన ఉన్నా అప్పుడు ఒక్క తీరుగా ఓటేయలేదు.

ఎంపీ ఓటు విలువ వేరు. 2022లో అది 700, మామూలుగా 708 ఉండేది, జమ్మూకశ్మీర్ అసెంబ్లీ లేకపోవడంతో తగ్గింది. ఒక్క ఎంపీ అయిదుగురు ఎమ్మెల్యేల కన్నా బరువు. ఎంపీల ఓట్లను రాష్ట్రాలవారీగా చూపరు, పార్లమెంటు ఖాతాలో ఒకే కుప్పగా పోస్తారు. అందుకే 113కు 3 అన్న అంకె చూసి మా ప్రాంతం మొత్తం సిన్హా వైపు నిలిచిందనుకుంటే పప్పులో కాలేసినట్టే. అప్పటి మా లోక్‌సభ ఎంపీలు నలుగురు. కరీంనగర్‌లో బండి సంజయ్, ఆదిలాబాద్‌లో సోయం బాపూరావు, జగిత్యాల, కోరుట్లలు కలిసిన నిజామాబాద్‌లో ధర్మపురి అర్వింద్, ముగ్గురూ బీజేపీ. పెద్దపల్లిలో వెంకటేష్ నేత ఒక్కరే టీఆర్‌ఎస్.

పార్టీల లెక్కనే ఓట్లు పడ్డాయనుకుని కూడదాం. పాత కరీంనగర్‌లో 13, పాత ఆదిలాబాద్‌లో 10 మంది ఎమ్మెల్యేలు. ఇద్దరు రాలేదు కాబట్టి 21. అందులో ముర్ముకు ఒకటి, మిగతా 20 సిన్హాకు (మంథని కాంగ్రెస్‌ది, మిగతావన్నీ టీఆర్‌ఎస్‌వి). ఎంపీలను కలిపితే సిన్హాకు 3,340, ముర్ముకు 2,232. నూటికి అరవై, నలభై. ఆ చెల్లని ఓటు మా దిక్కుదే అయితే సిన్హాకు ఇంకో 132 తగ్గుతుంది. 2018 డిసెంబర్‌లో ఒక పార్టీ, 2019 ఏప్రిల్‌లో ఇంకో పార్టీ అని జనం వేసిన రెండు రకాల ఓట్లూ ఈ అంకెల్లో పక్కపక్కన కనిపిస్తాయి.

అంతకు ముందు రాష్ట్రపతి ఎన్నికల్లోనూ మా వాళ్ల తీరు చిత్రంగానే ఉంది. 1969 ఆగస్టులో తెలంగాణ ఉద్యమం రగులుతుండగా వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే తప్ప తేలని ఎన్నిక అదొక్కటే. అప్పుడు మంథని ఎమ్మెల్యే పి.వి. నరసింహారావు. ఆయన ఎవరికి వేశారో ఆ బ్యాలెట్ పెట్టెకే ఎరుక. 2012లో తెలంగాణ ఇవ్వలేదన్న కోపంతో టీఆర్‌ఎస్ ప్రణబ్ ముఖర్జీ ఎన్నికకు దూరంగా ఉంది. సిరిసిల్ల, హుజూరాబాద్ ఓట్లు పడలేదు. చివరికి 2014 మార్చి 1న రాష్ట్ర విభజన చట్టం మీద సంతకం పెట్టింది ఆ ప్రణబే. 2017లో అదే పార్టీ బీజేపీ నిలబెట్టిన కోవింద్‌కు ఓటేసింది.

2022లో ఇరకాటమంతా ఆదిలాబాద్‌ది. తొలిసారి ఒక ఆదివాసీ మహిళ బరిలో ఉన్నారు. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ మూడూ ఎస్టీ రిజర్వుడు సీట్లు, మూడింటి ఎమ్మెల్యేలూ టీఆర్‌ఎస్. ఆదివాసీ హక్కుల సంఘం తుడుందెబ్బ నాయకుడు సోయం బాపూరావు మాత్రం ముర్ము పార్టీలో ఉన్నారు. సరిగ్గా అదే జూలైలో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడెంలో పోడు భూమిలో వేసుకున్న గుడిసెలను అటవీ సిబ్బంది తొలగించారు, ఆడవాళ్లు ఎదురు తిరిగారు. ఢిల్లీలో ఆదివాసీ రాష్ట్రపతి, ఇక్కడ గుడిసె మీద గొడవ ఒకే నెల పత్రికల్లో వచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో ముర్ము భద్రాచలం వచ్చినప్పుడు ఆసిఫాబాద్ జిల్లా ఏకలవ్య పాఠశాలను అక్కడి నుంచే ప్రారంభించారు.

2023 అసెంబ్లీ ఎన్నికల్లో బీజేపీ రాష్ట్రంలో 8 సీట్లు గెలిస్తే అందులో 4 పాత ఆదిలాబాద్‌వే: ఆదిలాబాద్, నిర్మల్, ముథోల్, సిర్పూర్. ఆ మూడు ఎస్టీ సీట్లలో ఒక్కటీ దానికి దక్కలేదు. ఖానాపూర్ కాంగ్రెస్‌కు, ఆసిఫాబాద్, బోథ్ బీఆర్‌ఎస్‌కు (పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్‌కు) పోయాయి. హుజూరాబాద్‌లో ఈటల ఓడారు, కరీంనగర్‌లో గంగుల మూడు వేల పైచిలుకు ఓట్లతో బండి సంజయ్ మీద గట్టెక్కారు. ఆరు నెలలు తిరిగేసరికి లోక్‌సభకు మళ్లీ బండి సంజయ్, ఆదిలాబాద్ నుంచి బీజేపీ టికెట్ మీదే గోడం నగేష్ గెలిచారు. రాష్ట్రపతి ఎన్నిక మళ్లీ 2027లో.