బల్లకు ఇవతలి వైపు

మీరు నిలబడే ఉన్నారు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. హవల్దారుగా రిటైరైన మనిషికి నిలబడటం కొత్త కాదు గానీ మోకాలు మాట వినడం లేదు. తెల్లారకముందే దొంకేశ్వర్‌లో కల్లం మీద ఉడికిన పసుపు ఆరబోసి, ఆర్మూర్ బస్సెక్కి వచ్చారు. గోళ్ల సందుల్లో ఇంకా పసుపే.

ఈ ఆఫీసు ఏ ఊరిదో రాయను. మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసు, అంతవరకు చాలు.

గుమాస్తా మీ డిశ్చార్జి బుక్కు పేజీలు విసురుగా తిప్పుతున్నాడు. ప్లాస్టిక్ కవరు అంచు పర్రుమంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మీరు ఇన్నేళ్లూ బీరువాలో పట్టుచీరల కింద దాచిన బుక్కు అది.

బిడ్డ పెళ్లి సాయం కోసం వచ్చారు. హవల్దారు, అంతకు కింది ర్యాంకుల వాళ్లకు ఇద్దరు ఆడపిల్లల వరకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది. ఇదివరకు 50 వేలు ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు లక్ష చేశారు. పెళ్లయిన 180 రోజుల్లోపు పెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టారు, నిజమే. కానీ అసలు కాగితాలు ఇక్కడ సరిచూసి సిఫారసు చేస్తేనే అది పైకి కదిలేది.

"సర్కారు క్యాంటీన్ల మందు ఇస్తది. సర్కారు పెన్షన్ ఇస్తది. ఇప్పుడు పిల్లల పెండ్లిళ్లు గూడ సర్కారే చేయాల్నా? ఇంకేం గావాలె మీకు?"

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. మీ చెవులు వేడెక్కాయి. ఈ గుమాస్తా కూడా ఒకప్పుడు మీలాగే యూనిఫాం వేసినవాడట. అందుకే ఆ మాట ఇంకాస్త లోతుగా దిగింది.

అతను కాలిక్యులేటర్ దగ్గరికి లాక్కున్నాడు. ఏవో మీటలు నొక్కి మీ వైపు తిప్పాడు. 10000. మీరు చదివారని చూసుకుని చెరిపేశాడు.

"మొదలు యాభై ఉండె. ఇప్పుడు లక్ష. నీకే లాభం కదా?"

సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబితే మీ ఆవిడ చేట కింద పెట్టలేదు. "ఇచ్చి పారేయరాదూ? తొంభై వేలన్న చేతికొస్తయి. పెండ్లి అప్పు గంత తగ్గుతది." ఆమె లెక్క తప్పు కాదు. గడువు దాటితే లక్షా లేదు, తొంభై వేలూ లేవు.

అర్ధరాత్రి మంచం మీద అటూ ఇటూ పొర్లుతున్నారు. ఫిర్యాదు చేస్తే పెన్షన్ ఆపిస్తాడా? ఆపలేడు. మీ పెన్షన్ 'స్పర్శ్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఉంది, దాన్ని చూసేది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ శాఖ లెక్కల ఆఫీసు. ఈ బల్లకు అంత చేయి లేదు. కానీ చిన్నోడు ఇంటర్ చదువుతున్నాడు. రేపు ఇంజినీరింగ్ సీటుకు సైనికుల పిల్లలకిచ్చే క్యాప్ కోటా కావాలంటే ఆ కాగితాలు మళ్లీ సైనిక సంక్షేమం వాళ్ల చేతుల మీదుగానే పోవాలి. మీ అసలు భయం అదీ. అడవిలో, మంచులో డ్యూటీ చేసినప్పుడు ఇంత భయం వేయలేదు. అక్కడ పోతే మీరొక్కరే పోయేవారు.

డాలస్‌లోని మేనల్లుడికి ఫోన్ చేశారు. "గీడ గూడ గంతే మామా" అన్నాడు. 2014లో ఫీనిక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో నెలల తరబడి ఎదురుచూస్తున్న రోగుల పేర్లు అసలు లెక్కలో చూపకుండా దాచారట. అది బయటపెట్టిన డాక్టర్ శామ్ ఫూట్ ముందు రిటైరయ్యాడు, ఆ తర్వాతే జనం ముందుకొచ్చాడు. ఆ గొడవ అక్కడి మాజీ సైనికుల శాఖ మంత్రి షిన్‌సెకీ రాజీనామా దాకా పోయింది. ఉద్యోగంలో ఉండి నోరు విప్పడం డాక్టరుకే కష్టమైతే, అవసరం చేతిలో పట్టుకుని విప్పడం మీకెంత కష్టమో!

ఇచ్చేస్తే ఏమవుతుంది? 2018లో లంచం చట్టం మారింది. ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లోపు పోలీసులకు చెప్పాలి. ఎనిమిదో రోజు నుంచి మీరూ గుమాస్తా ఒకే పడవ.

ఇవ్వకుండా సోమవారం కలెక్టర్ ప్రజావాణిలో అర్జీ పెట్టవచ్చు. జిల్లా సైనిక్ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి అది సరైన గడపే. మిమ్మల్ని కోసింది మందు మాట, ఎవరో నవ్విన నవ్వు. వాటికి అర్జీ సరిపోతుంది. కానీ అవమానానికి మన ఆఫీసుల్లో పడే శిక్ష, నేను చూసినంతలో, ఒక మందలింపు. డబ్బు అడిగినందుకు మాత్రం మూడు నుంచి ఏడేళ్ల జైలు ఉంది. నొప్పి ఒకచోట ఉంటే చట్టానికి పట్టు ఇంకోచోట దొరుకుతుంది.

ఇంకో సంగతి నిద్ర పట్టనివ్వదు. ఈ సాయం వచ్చేది సాయుధ దళాల పతాక నిధి నుంచి. ఏటా డిసెంబర్ 7న పిల్లలు చిన్న చిన్న జెండాలు ఇచ్చి డబ్బా ముందు పెడతారే, ఆ చిల్లర. అందులో పదో వంతు అడుగుతున్నాడు.

తెల్లారి అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064 నొక్కారు.

ఏసీబీ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ మొదటి ప్రశ్నే గుచ్చుకుంది. "ఏమన్నడో ఆయన మాటల్లనే చెప్పుండ్రి."

"అనలేదు సార్. కాలిక్యులేటర్ మీద కొట్టి చూపిండు."

పెన్ను ఆగింది. లంచం కేసు నిలబడాలంటే అడిగాడనీ, తీసుకున్నాడనీ రుజువు కావాలి. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో నిరూపించవచ్చని నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబర్ 15న చెప్పింది. కానీ అడగడం అన్నది ఉండి తీరాలి. చెరిపేసిన అంకె ఎక్కడుంది?

"ఈసారి నోటితో అననీయుండ్రి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మీ జేబులోకి రికార్డర్ వచ్చింది.

డబ్బు మీరే తెచ్చారు. ఐదువందల నోట్లు ఇరవై. నంబర్లన్నీ రాసుకున్నారు. మధ్యవర్తులుగా వేరే శాఖల ఉద్యోగులు ఇద్దరు కూర్చున్నారు. నోట్లకు తెల్లటి ఫినాఫ్తలీన్ పొడి రాశారు. రాసిన మనిషి వేళ్లు సోడా కలిపిన నీళ్లలో ముంచితే గ్లాసంతా గులాబీ రంగు.

మీరు మీ గోళ్లు చూసుకున్నారు. పసుపు ఊళ్లో పుట్టినవారికి తెలియనిదా, పసుపు మీద సున్నం పడినా సోడా పడినా ఎర్రబడుతుంది. "సార్, నా చేతులు..." ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. సబ్బు ఇచ్చి రెండుసార్లు కడిగించాడు. నోట్లు మధ్యవర్తే మీ జేబులో పెట్టాడు.

"జేబు ముట్టొద్దు. ఆయనతో చేయి కలపొద్దు. ముందుగాల మీరే తీసి ఇయ్యొద్దు. అడిగినంకనే. తీసుకున్నంక బయటికొచ్చి తువ్వాలతో మొఖం తుడుసుకోండ్రి."

మెట్లు. వరండా. అదే బెంచీ. మనుషులు నిండుగా ఉన్నారు. అందులో మనవాళ్లెవరో మీకు తెలియదు.

ఇప్పటికీ వెనక్కి తిరగొచ్చు. బస్టాండు దగ్గరే.

లోపలికి వెళ్లారు.

గుమాస్తా తలెత్తాడు. ఏమీ అనలేదు. చేయి కాలిక్యులేటర్ మీదికి పోయింది. మీటలు. మీ వైపు తిప్పాడు.

జేబు బరువుగా ఉంది. గొంతు ఎండింది. ఊరికే తలూపితే ఈ పూట పోయినట్టే.

"సార్, అద్దాలు మర్చిపోయిన. కానొస్తలేదు. ఎంతో జెర చెప్పుండ్రి."

అతను మిమ్మల్ని చూశాడు. తలుపు వైపు చూశాడు. విసుగ్గా మొహం పెట్టాడు.

"పదివేలు" అన్నాడు. "తెచ్చినవా?"