సొంత గోడల వ్యూహం: డీమార్ట్ విస్తరణపై ఒక పరిశీలన

చిల్లర వర్తక సంస్థ ఎంత త్వరగా మారగలదన్నది యాజమాన్యం తెలివితేటలతోనే తేలే విషయం కాదు. పెట్టుబడిని ఏ రూపంలో దింపిందన్నది అంతకంటే ముఖ్యం. అవెన్యూ సూపర్‌మార్ట్స్ నడిపే డీమార్ట్ విషయంలో ఆ రూపం భూమి, భవనం. దాని బలమూ ఇబ్బందీ రెండూ అక్కడి నుంచే వచ్చాయని ఈ వ్యాసం ప్రతిపాదన.

మదుపరిగా పేరున్న రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలోని పోవయ్‌లో తొలి డీమార్ట్ తెరిచారు. ఆ దశాబ్దంలో ఈ రంగంలో అందరిదీ పరుగే. చెన్నైలో పుట్టిన సుభిక్ష అద్దె గదుల్లో వెయ్యికి పైగా దుకాణాలు తెరిచి 2009లో కుప్పకూలింది. హైదరాబాద్ త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతికి వెళ్లి ‘మోర్’లో కలిసిపోయింది. బిగ్ బజార్ కథ మరీ విచిత్రం. దాన్ని నడిపిన ఫ్యూచర్ గ్రూపు అప్పుల్లో మునిగి అద్దెలు కట్టలేకపోయింది. చాలా దుకాణాల లీజులు అప్పటికే రిలయన్స్ పేరు మీదికి మారిపోయాయి. 2022లో ఆ దుకాణాలను రిలయన్స్ సులువుగా స్వాధీనం చేసుకుంది.

డీమార్ట్ వీలైనంతవరకు స్థలం కొంటుంది, కుదరకపోతే దీర్ఘకాలిక లీజుకు తీసుకుంటుంది. అద్దె బరువు పెద్దగా లేనందువల్ల ఎం.ఆర్.పి. మీద తగ్గింపు పండగలకే పరిమితం కాకుండా ఏడాది పొడవునా సాగుతుంది. ధర తక్కువ కాబట్టి సరుకు అరల మీద నిలవదు. సరఫరాదారుకు సొమ్ము త్వరగా ముడుతుంది, అతనిచ్చే రాయితీ మళ్లీ ధరలోకే చేరుతుంది. అయితే స్థలాలు కొంటూ పోయేవాడు నెమ్మదిగానే నడవాలి. మహారాష్ట్ర, గుజరాత్‌లలో పాతుకున్నాకే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల వైపు గట్టిగా విస్తరించింది. 15 ఏళ్లకు, అంటే 2017 మార్చి నాటికి, 131 దుకాణాలే ఉన్నాయి.

ఆ నెలలోనే సంస్థ పబ్లిక్ ఇష్యూతో రూ.1,870 కోట్లు సమీకరించింది, అందులో పెద్ద భాగం అప్పు తీర్చడానికే పోయింది. 2020లో మరో నాలుగు వేల కోట్ల పైచిలుకు తెచ్చింది. 2025 మార్చికి దుకాణాలు 415 అయ్యాయి. సూత్రం అదే, దానికి డబ్బు సమకూర్చే దారి మారింది. విశ్లేషకులు దుకాణాల సంఖ్యకు ఇచ్చినంత ప్రాముఖ్యం ఈ మార్పుకు ఇవ్వలేదనిపిస్తుంది.

ఎక్కువ లాభం మిగిల్చేది పప్పూ నూనే కాదు. బట్టలు, వంటపాత్రలు, ప్లాస్టిక్ సామాన్లు. కోవిడ్‌కు ముందు అమ్మకాల్లో నాలుగో వంతుకు మించిన వీటి వాటా ఆ తర్వాత పడిపోయింది, మళ్లీ పాత స్థాయికి రాలేదు. ఇంతలో నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే క్విక్ కామర్స్ వచ్చింది. రెండేళ్లు నిండిన దుకాణాల అమ్మకాల వృద్ధి 2024 జులై-సెప్టెంబర్‌లో 5.5 శాతానికి తగ్గింది. పెద్ద నగరాల్లో, అదీ అమ్మకాలు జోరుగా ఉండే దుకాణాల్లో, ఆన్‌లైన్ ప్రభావం కనిపిస్తోందని సంస్థే ఒప్పుకుంది. సంస్థ ఆన్‌లైన్ విభాగం డీమార్ట్ రెడీ అప్పటికే ఉంది. మొదట కొనుగోలుదారే వచ్చి సరుకు పట్టుకెళ్లే కేంద్రాలతో మొదలై, క్రమంగా ఇంటికే చేరవేసే పద్ధతికి మళ్లింది. పది నిమిషాల పందెంలో మాత్రం దిగలేదు.

దీన్ని ఆలస్యమనే విమర్శ నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. పాల ప్యాకెట్టు, కొత్తిమీర కట్ట ఫోనులో తెప్పించుకునే ఇల్లు కూడా నెలవారీ బియ్యం, నూనె, సబ్బుల దగ్గర రూపాయి రూపాయీ లెక్క చూస్తుంది. అసలు ముప్పు మరోచోట ఉంది. సరుకుల కోసం వచ్చినవాళ్లే ఆ పక్కనున్న చొక్కానో గిన్నెనో బుట్టలో వేసుకుంటారు. దుకాణానికి రావడం తగ్గితే ముందుగా దెబ్బతినేది, ఎక్కువ లాభమిచ్చే ఆ అమ్మకాలే.